బెజవాడ ఎండల్లో, వానల్లో నమూనా కార్లు: పన్నెండేళ్ళ వాడకం తర్వాత నా సమీక్ష

2013 డిసెంబరులో టమియా వారి 1/24 స్కేలు (నిజమైన కారులో ఇరవై నాలుగో వంతు కొలత), విడిభాగాలుగా వచ్చే వోక్స్‌వ్యాగన్ బీటిల్ కిట్టు ఒకటి కొని, పటమటలోని మా ఇంటి పడమటి గదిలో బల్ల వేసుకుని నమూనా కార్లు కట్టే ఈ పని మొదలుపెట్టాను. ఇప్పటికి ఇరవై ఆరు ప్లాస్టిక్ కార్లు కట్టాను, పద్దెనిమిది పాత లోహపు కార్లను బాగుచేశాను. ఈ పన్నెండేళ్ళలో నేను వాడిన కిట్లు, జిగురు, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలినిచ్చే కంప్రెసర్, రంగులు మన వాతావరణంలో ఎలా పనిచేశాయో, కొత్తగా దిగేవాళ్ళకు ఉపయోగపడేలా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ అభిరుచి గురించి మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాలవాళ్ళు తమ గదుల్లో కూర్చుని రాసుకున్నవి. నా అనుభవంలో మాత్రం కారు బాగా వచ్చిందా, పాడైందా అన్నది కిట్టు ఏ కంపెనీదన్న దాన్నిబట్టి కాక, రంగు వేసిన రోజు గాలిలో తడి ఎంత ఉందన్న దాన్నిబట్టే తేలింది.

కిట్ల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. మొదటిసారి కట్టేవారికి టమియా కిట్టే మేలని ఇప్పటికీ చెబుతాను, ఎందుకంటే భాగాలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి, సూచనల కాగితంలో బొమ్మలు చూసి పని చేసుకోవచ్చు, భాష రాకపోయినా ఇబ్బంది ఉండదు. హసెగావా, ఫుజిమి, అయోషిమా కిట్లలో పాత జపాను కార్లు మంచివి దొరుకుతాయి గానీ, వాటిలో కొన్ని అచ్చులు పాతవి కాబట్టి అతుకుల దగ్గర శ్రమ ఎక్కువ. అమెరికా కార్లు కావాలంటే చాలావరకు 1/25 స్కేలులోనే ఉంటాయి, అరలో 1/24 పక్కన పెడితే తేడా పెద్దగా కనబడదు. ధర మాత్రం భారమే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. స్కేలు నమూనాలు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. అందుకే ఒక కిట్టు పూర్తి చేశాకే మరొకటి కొంటున్నాను, దానివల్ల పని నాణ్యత పెరిగింది కూడా.

జిగురు విషయంలో నా అభిప్రాయం పన్నెండేళ్ళుగా మారలేదు. ఆకుపచ్చ మూత ఉన్న టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంటు ఒక్కటి ఉంటే ముప్పాతిక వంతు పని జరిగిపోతుంది. పేరుకు జిగురే గానీ అది అంటించదు, ప్లాస్టిక్కును కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. రెండు భాగాలనూ పొడిగానే కలిపి పట్టుకుని, మూతకున్న సన్నని కుంచెతో అతుకు మీద ఒక్కచోట తాకిస్తే చాలు, ద్రవం గీత వెంబడి తనంతట తానే పాకిపోతుంది. అయిదారు సెకన్లు ఆగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని దారంలా పైకి ఉబ్బుతుంది, అది మర్నాటికి గట్టిపడ్డాక గీకేస్తే అతుకు ఎక్కడుందో కనబడదు. వేళ్ళు అతుకు మీద ఉన్నప్పుడు జిగురు తాకిస్తే మాత్రం అది వేలి కిందికి పాకి, వేలిముద్ర శాశ్వతంగా పడిపోతుంది. నా బీటిల్ తలుపు మీద ఆ ముద్ర ఇప్పటికీ ఉంది. 40 మిల్లీలీటర్ల సీసా నాకు ఏడాదిన్నర రావాలి, కానీ మే నెలలో మూత సరిగా బిగించకపోతే వాడకుండానే సగం ఆవిరైపోతుంది. సూదిమూతి సీసాలో వచ్చే చిక్కటి జిగురు కూడా కొంతకాలం వాడాను, సూది పూడుకుపోయి ప్రతిసారీ అగ్గిపుల్లతో కాల్చి తెరవాల్సి రావడంతో మానేశాను. తక్షణం పట్టే సూపర్ గ్లూని అద్దాల దగ్గరికి అసలు తీసుకురాకూడదు. దాని ఆవిరి తగిలితే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మీద తెల్లటి పొర కమ్ముతుంది. కిటికీ అద్దాలకు మామూలు తెల్ల జిగురే మంచిది.

రంగు వేయబోయే ముందు ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే అది తెలిశాకే నా పని తీరు మారింది. నిజమైన కారు మీద అడుగు పూతగా వేసే ప్రైమర్, దాని మీద రంగు, ఆపైన మెరుపు కోసం వేసే క్లియర్ అన్నీ కలిపి పూత మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అంతే మందం మనం 1/24 నమూనా మీద వేస్తే, స్కేలు ప్రకారం అది నిజమైన కారు మీద 2.4 మిల్లీమీటర్ల పూతతో సమానం. తలుపుల చుట్టూ, డిక్కీ చుట్టూ ఉండే సన్నని గీతలు పూడుకుపోయి కారు సబ్బుబిళ్ళలా కనబడడానికి కారణం ఇదే. అందుకని ఇప్పుడు ప్రైమర్‌కు ముందే ప్రతి గీతనూ సన్నని మొన ఉన్న పనిముట్టుతో మూడు నాలుగుసార్లు లోతు చేస్తున్నాను, ప్రైమర్ వేశాక మరొకసారి చేస్తున్నాను. చేతి బరువు పెట్టకుండా పనిముట్టును తనంతట జారనివ్వాలి, మొదటి రెండు గీతల్లో బలం పెడితే మొన దారి తప్పి పక్కకు కోస్తుంది. గుంటలకు, అతుకుల సందులకు లప్పం పెట్టేటప్పుడు కూడా ఇదే పొదుపు అవసరం. మా బెజవాడకు దగ్గర్లోనే కొండపల్లిలో బొమ్మలు చేసేవారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పొణికి చెక్క ముక్కల్ని అతికి, సందులు పూడ్చి, ఆరాక నునుపు చేస్తారు. లప్పం పల్చగా రెండుసార్లు పెట్టాలి గానీ మందంగా ఒక్కసారి పెట్టకూడదని నాకు బాగా అర్థమైంది వాళ్ళ పని దగ్గరగా చూశాకే.

ఎయిర్‌బ్రష్ విషయంలో 0.3 మిల్లీమీటర్ల నాజిల్ (రంగు బయటికి వచ్చే మొన), గాలినీ రంగునూ ఒకే మీటతో విడివిడిగా నడిపే డబుల్ యాక్షన్ రకం తీసుకోండి. కారు బాడీకి అంతకన్నా సన్నది అక్కర్లేదు. నేను మొదట చవకది కొని రెండేళ్ళు వాడి, తర్వాత జపాను ఇవాటా ఎయిర్‌బ్రష్‌కు మారాను. చవకదానితో కూడా మంచి పూత వచ్చింది, కాకపోతే దాని లోపలి రబ్బరు వాషర్లు రంగును పల్చన చేసే లాకర్ థిన్నర్‌కు ఉబ్బిపోయి ఆరేడు నెలలకొకసారి మార్చాల్సి వచ్చింది. డబ్బు ఎక్కువ పెట్టవలసింది కంప్రెసర్ మీద. నా మొదటి కంప్రెసర్‌కు ట్యాంకు లేదు. మోటారు కొట్టుకునే ప్రతి దెబ్బా గాలిలో తెలిసేది, పావుగంట నడిచేసరికి వేడెక్కి, గొట్టంలో చేరిన నీరు చుక్కలుగా వచ్చి రంగు మీద పడేది. మూడు లీటర్ల ట్యాంకూ, నీటిని పట్టే ఫిల్టరూ ఉన్నది కొన్న నాటి నుంచి ఆ రెండు బాధలూ తగ్గిపోయాయి. ఎనిమిదేళ్ళుగా అది చెడిపోకుండా నడుస్తోంది. పని ముగించిన ప్రతిసారీ ట్యాంకు అడుగున ఉన్న మరను విప్పి నీళ్ళు వదిలేయాలి, ఆగస్టు నెలలో ఆ నీళ్ళు చూస్తే మన గాలిలో ఎంత తడి ఉందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2015 జూలైలో ఒక నల్ల కారుకు త్వరగా ఆరే లాకర్ రంగు వేశాను. వేసిన రెండు నిమిషాలకే నలుపంతా బూడిద పూసినట్టు తెల్లబారింది. రంగు సీసా పాతదనుకుని కొత్తది కొన్నాను, మళ్ళీ అదే జరిగింది. మా ఆటోనగర్‌లో కార్లకు రంగు వేసే షెడ్డుకు ఆ బాడీని తీసుకెళ్ళి మేస్త్రి గారికి చూపించాను. ఆయన దాన్ని వెలుతురులో ఒకసారి తిప్పి చూసి, “రంగు తప్పు కాదండీ, గాలి తప్పు. వానాకాలం మామూలు థిన్నర్ పనికిరాదు, రిటార్డర్ కలపాలి” అన్నారు. కారణం కూడా ఆయనే చెప్పారు. థిన్నర్ వేగంగా ఆవిరైతే ఆ తలం చల్లబడుతుంది, చల్లని తలం మీద గాలిలోని తడి మంచులా పట్టి, ఆరుతున్న రంగులో చిక్కుకుపోతుంది. రిటార్డర్ కలిపి థిన్నర్ నెమ్మదిగా ఆవిరయ్యేలా చేస్తే తడికి ఆ అవకాశం ఉండదు. జీఎస్ఐ క్రియోస్ వారి మిస్టర్ లెవెలింగ్ థిన్నర్‌లో ఆ రిటార్డర్ ముందే కలిసి ఉంటుంది. అప్పటినుంచి నిగనిగలాడే పూతలన్నిటికీ అదే వాడుతున్నాను. తెల్లబారిన పూతను గీకి పారేయనక్కర్లేదు, గాలి పొడిగా ఉన్న రోజున దాని మీద ఆ థిన్నర్‌నొక్కదాన్నే పల్చని మంచులా చల్లితే పై పొర మళ్ళీ కరిగి, చిక్కుకున్న తడి పోయి, నలుపు తిరిగి వస్తుంది. ఆ నల్ల కారు అలాగే బతికింది.

ఎండాకాలం కష్టం దీనికి సరిగ్గా తలకిందులు. మే మధ్యాహ్నం నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలున్నప్పుడు రంగు బాడీని చేరేలోపే గాలిలో ఆరిపోయి, తలం చేతికి ఇసుక చల్లినట్టు తగులుతుంది. అప్పుడు థిన్నర్ పాళ్ళు పెంచి, ఎయిర్‌బ్రష్‌ను నాలుగు వేళ్ళ దూరానికి తెచ్చి, చీకటిపడ్డాక పని చేయాలి. నేను గాలిలో తడిని కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి కొని బల్ల మీద పెట్టుకున్నాను. కొన్ని వందల రూపాయల ఆ వస్తువు నా కిట్లలో సగాన్ని కాపాడిందని నిస్సందేహంగా చెప్పగలను. గాలిలో తడి 65 శాతం దాటితే మెరుపు పూత వేయను, ప్రైమర్ వరకైతే వేస్తాను. కంప్రెసర్ గాలికి 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి, రంగు ఒక పాలుకు థిన్నర్ ఒకటిన్నర పాళ్ళు, క్లియర్‌కైతే రెండు పాళ్ళు, ఇవి నాకు కుదిరిన కొలతలు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, తుపాను లేని రోజుల్లో, పదకొండు నుంచి నాలుగు గంటల మధ్య వేసిన పూతలే ఇప్పటికీ నా అరలో అన్నిటికన్నా బాగున్నాయి. క్లియర్ వేశాక వారం ఆగి 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళు తగిలిస్తూ రుద్ది, ఆపైన టమియా పాలిష్ కంపౌండ్లు ముతక నుంచి సన్నం వరకు వరసగా వాడతాను. అంచుల మీద మాత్రం రుద్దకూడదు, అక్కడ పూత పల్చగా ఉండి రెండు రుద్దులకే అడుగున ప్రైమర్ బయటపడుతుంది.

ఊపిరితిత్తుల సంగతి అందరూ ఆఖర్న రాస్తారు, నేను ఇక్కడే రాస్తాను. లాకర్ థిన్నర్ ఆవిరిని గుడ్డ మాస్కూ, ఎన్95 మాస్కూ ఆపవు, అవి ధూళికి పనికివచ్చేవి. రసాయనాల ఆవిరిని పట్టే కార్ట్రిడ్జిలున్న మాస్కు కొనాలి, కార్ట్రిడ్జిలను వాడకాన్నిబట్టి మార్చాలి. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న చిన్న పెట్టెలోనే రంగు వేయాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే గది తలుపు కింద గుడ్డ కుక్కాలి. మొదటి ఏడాది నేను ఇవేమీ లేకుండా పని చేసి రాత్రిళ్ళు తలనొప్పితో పడుకునేవాణ్ణి. ఎయిర్‌బ్రష్‌కు డబ్బుంది గానీ మాస్కుకు లేదంటే, ఎయిర్‌బ్రష్ వచ్చే ఏడాది కొనుక్కోండి.

పాత లోహపు కార్లను బాగుచేయడం వేరే రకం పని. మ్యాచ్‌బాక్స్, కోర్గి, డింకీ కంపెనీల బొమ్మ కార్లు దాదాపు అన్నీ జింకు ప్రధానంగా, కొంత అల్యూమినియం తదితరాలు కలిపిన మిశ్రలోహంతో పోసినవి. అడుగున కారు భాగాలను కలిపి ఉంచే రివెట్ తలను మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుతో మెల్లగా తొలిస్తే కారు విడిపోతుంది. మిగిలిన కాడలో రంధ్రం చేసి, ట్యాపు అనే పనిముట్టుతో మరలు కోసి, రెండు మిల్లీమీటర్ల స్క్రూ బిగించుకుంటే మళ్ళీ ఎప్పుడైనా విప్పుకోవచ్చు. పాత రంగు తీయడానికి నేను మొదట కాస్టిక్ సోడా నీళ్ళు వాడాను. గంటకు రంగు ఊడింది, ఇంకా మూలల్లో మిగిలిందని రాత్రంతా వదిలేశాను. తెల్లవారేసరికి లోహం నల్లబడి, తలమంతా సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. క్షారం జింకును తింటుందని, అప్పుడు పైకొచ్చే నురగ హైడ్రోజన్ వాయువని తర్వాత తెలిసింది. ఆమ్లాలూ అంతే. ఇత్తడి చెంబుకు చింతపండు రుద్దే అలవాటుతో వీటికీ అదే రుద్దితే లోహం పాడవుతుంది. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే పెయింట్ రిమూవర్‌ను చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, కుంచెతో రాసి పది నిమిషాల్లో కడిగేయడం నాకు సురక్షితమైన పద్ధతిగా తేలింది. అది ప్లాస్టిక్ భాగాల మీద పడితే అవి కరిగిపోతాయి కాబట్టి కారును పూర్తిగా విప్పాకే వాడాలి. బయటపడ్డ లోహం మీద మామూలు ప్రైమర్ నిలవదు, లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. ఇవన్నీ చేసినా నయం కాని జబ్బు ఒకటుంది. పోత పోసేటప్పుడు లోహంలో సీసం మలినంగా కలిసి ఉంటే, దశాబ్దాలకు లోపలి నుంచే పగుళ్ళు వచ్చి, కారు ఉబ్బి, చేతిలో పొడి అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి డింకీ కార్లలో ఇది తరచుగా కనబడుతుంది. సన్నని పగుళ్ళు వలలా అల్లుకుని ఉన్న కారును బాగుచేస్తానని డబ్బు పెట్టి కొనకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా మేనమామ ఇంటి కింది అరలోని తొమ్మిది కార్లు రోజుల తరబడి బురదనీటిలో ఉండిపోయాయి. వాటిలో ఒకటి నిక్కీ టాయ్స్ కారు. 1960ల చివర్లో, 1970లలో డింకీ పాత అచ్చులు కలకత్తాకు వచ్చి అక్కడ ఆ పేరుతో కార్లు తయారయ్యాయి. రైల్వేలో పనిచేసిన మా తాతయ్య హౌరా వెళ్ళినప్పుడు మామయ్య కోసం తెచ్చింది అది. నా దగ్గరికి వచ్చేసరికి ఇరుసులు తుప్పు పట్టి చక్రాలు బిగుసుకుపోయాయి, రంగు లేచిన చోటల్లా తెల్లటి పిండిలాంటి తుప్పు పేరుకుంది. ముందుగా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని పళ్ళకుంచెతో బురద తీసి, ఇరుసులకు నూనె వేసి రెండు రోజులు వదిలాను. మూడో రోజున చక్రం వేలితో తిప్పితే కిర్రుమని ఒక చుట్టు తిరిగింది. ఎనిమిది కార్లకు మళ్ళీ రంగు వేశాను. నిక్కీ కారుకు కూడా వేద్దామని రంగు కలుపుతుంటే మామయ్య ఆపాడు. “దానికి వెయ్యకురా. ఆ బానెట్టు మీద గీత మీ అమ్మ పెట్టింది” అన్నాడు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ కారుకు తుప్పు మాత్రం తీసి, మైనం పట్టించి ఇచ్చేశాను. సేకరించేవారి లెక్కలో కూడా పాత రంగు ఉన్న కారుకే విలువ ఎక్కువ, మళ్ళీ రంగు వేస్తే అది తగ్గిపోతుంది. అందుకని ఇప్పుడు ఏ కారు వచ్చినా, విప్పడానికి ముందే దాని యజమానిని కూర్చోబెట్టి ఏ మచ్చ ఉండాలో, ఏది పోవాలో అడుగుతున్నాను.

భద్రపరిచే విషయంలో రెండు మాటలు. మెత్తని వినైల్ టైర్లు వేసవి వేడికి తమలోని నూనెలాంటి పదార్థాన్ని వదిలి, కింద ఉన్న ప్లాస్టిక్ పెట్టెనూ, చక్రాలనూ కరిగిస్తాయి. నావి రెండు కార్లు పెట్టె అడుగుకు అతుక్కుపోయి, తీసేసరికి టైరు ఆకారంలో గుంటలు కనిపించాయి. టైరుకు, చక్రానికి మధ్య పల్చని రంగు పూతా, పెట్టెలో కారు బరువు టైర్ల మీద పడకుండా అడుగున ఒక చెక్క దిమ్మా ఉంటే ఈ నష్టం ఉండదు. డెకాల్ కాగితాలను (నీళ్ళలో తడిపి కారు మీద అంటించే గుర్తులు) తడి పీల్చే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవరులో పెట్టాలి. పసుపుబారినవాటిని కిటికీ అద్దానికి అంటించి కొన్నాళ్ళు ఎండ తగిలేలా ఉంచితే చాలావరకు తెల్లబడతాయి.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నది అంబాసడర్. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారా కర్మాగారంలో 1957 నుంచి 2014 దాకా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపంలో తయారైన ఆ కారు నా చిన్నతనంలో ప్రతి ప్రభుత్వ కార్యాలయం ముందూ తెల్లగా, కిటికీలకు తెరలతో నిలబడి ఉండేది. బజారులో దొరికిన ప్లాస్టిక్ బొమ్మను తీసుకుని, మందమైన కిటికీ అద్దాలను తీసి పల్చని పారదర్శక షీటుతో కొత్తవి కోసి, స్ప్రింగు మోటారు తొలగించి, కిటికీల చుట్టూ క్రోమ్ అంచులా కనబడే బేర్ మెటల్ ఫాయిల్ అనే పల్చని రేకు అంటించి నమూనాగా మారుస్తున్నాను. బంపరుకు మాత్రం ఫాయిల్ కుదరలేదు, మలుపు దగ్గర ముడతలు పడుతోంది, దానికి క్రోమ్ పెన్ను వాడతాను. వెనుక సీటు తెరల కోసం మా ఆవిడ తన పాత వాయిల్ చీర అంచు కత్తిరించి ఇచ్చింది. తెలుపు వేయడం అయిపోయింది, క్లియర్ ఒక్కటే మిగిలింది. ఈ రోజు పొద్దున హైగ్రోమీటరు 78 చూపిస్తోంది. బాడీని దుమ్ము పడకుండా స్టీలు డబ్బాలో బోర్లించి మూత పెట్టాను, సంక్రాంతి ముందు పొడిగాలి మొదలయ్యాకే తీస్తాను.